చలికాలపు సందూకు

కార్తిక పౌర్ణమి గడచిన తరువాత వచ్చు మొదటి ఆదివారమున మా యింటిలో సందూకు తెఱచుట యొక పండుగ. ఈ పండుగ పంచాంగమున గానరాదు. దీనికి పురోహితుడు లేడు, నైవేద్యము లేదు. టేకు చెక్కతో జేసి ఇనుప పట్టీలు బిగించిన యా సందూకు మా తాతగారి నాటిది. దానిలో మా యింటివారి చలిబట్టలును, పుస్తకములును కలసి యుండును. బట్టలకును పుస్తకములకును పొత్తు గుదుర్చుట వింతగా దోచవచ్చును గాని, ఆనాటి పెంకుటింటిలో మూత గట్టిగా బిగియు పెట్టె యది యొక్కటియే. పైగా ఈ రెండింటికిని శత్రువులు నొక్కరే: వానకాలపు చెమ్మ, చెదలు, చిమటలు, ఎలుకలు. రక్షకులు నొక్కరే: వేపాకు, కర్పూరము, ఎండ.

ఆ దినమున ప్రొద్దుటనే వాకిట చాపలు పఱచి, యొక ప్రక్క దుప్పట్లు, మఱియొక ప్రక్క పుస్తకములు ఎండబెట్టుదురు. సాయంకాలమునకు బంధువులును, నలుగురైదుగురు మిత్రులును వత్తురు. వేయించిన పల్లీలు, బెల్లము నడుమ బెట్టుకొని, ప్రతివారును ఒక బట్టను, ఒక పుస్తకమును చేతికి దీసికొని, "ఈ చలికాలమున నాకు తోడు ఇవి" యని చెప్పి, కారణము వివరింపవలయును. తమ యింటినుండి తెచ్చుకొన్నను ఆక్షేపణ లేదు. ముప్పదియేండ్లుగా జరుగుచున్న యీ ముచ్చటనుగూర్చి వ్రాయుమని మిత్రులు పలుమాఱులు కోరిరి. మేమే వెనుదీసితిమి. ఏలనన, ఈ కథలో మా గొప్పయే గాక మా తప్పును గలదు. తప్పును విడిచి గొప్పను మాత్రమే చెప్పినచో నది వ్యాసము గాదు, ప్రకటన యగును.

జడ్చర్ల చలి మంచు గురియు చలి గాదు. పాలమూరు మెట్టనేలలపై పగలు ఎండ వెచ్చగనే కాయును. రాత్రి రెండవజాము దాటిన పిదప గాలి పదునెక్కును. హైదరాబాదునుండి బెంగుళూరునకు బోవు పెద్దబాట మా యూరిమీదుగనే పోవును. ఆ బాటప్రక్కను, బాదేపల్లి మార్కెట్టు వాకిటను తెల్లవారుజామున చితుకులమంటల చుట్టు హమాలీలు, లారీవాండ్రు, పల్లికాయ బస్తాలతో వచ్చిన రైతులు ముడుచుకొని కూర్చుండుట చూచినవారికే యీ చలి తెలియును. ఎండకాలము వచ్చుచున్నదన్న మనవారు కుండలు కొందురు. వానకాలము వచ్చుచున్నదన్న పైకప్పు సవరింతురు. చలికాలమునకు మాత్రము సన్నాహము లేదు. "నాలుగునాళ్ల చలి, ఓర్చుకొన్న పోవును" అందురు. ఓర్చుకొనువారెవరో, కప్పుకొనువారెవరో విచారించువారు తక్కువ.

సందూకునుండి మొట్టమొదట వెలువడునది మా తాతగారి ఉన్ని షేర్వాణీ. వారు నిజాము ప్రభుత్వపు రోజులలో తాలూకా కచ్చేరీలో గుమాస్తా. ఆ కాలమున కచ్చేరీ భాష ఉర్దూ. పెద్దబడులలో చదువు ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఉర్దూలోనే. పగలెల్ల షేర్వాణీ బొత్తాములు గొంతువఱకు బిగించుకొని ఉర్దూలో కాగితములు వ్రాసిన యా మనిషి, ఇంటికి వచ్చి షేర్వాణీని చిలుకకొయ్యకు తగిలించి, గొంగడి కప్పుకొని, కందిలి వెలుతురున తెలుగు పుస్తకము విప్పెడివారట. షేర్వాణీ బ్రతుకుదెరువు, గొంగడి బ్రతుకు అని మా నాయనగారు చెప్పుచుండెడివారు. మేము షేర్వాణీని నిందింపము. ఉర్దూ నేర్చుటవలన మా తాతగారికి నష్టమేమియు లేదు. రెండు భాషల రుచి యెఱిగినవారైరి. తల్లిభాష చదువుకొనుటకు రాత్రి తప్ప వేళ లేకపోవుటయే నష్టము.

ఆ గొంగడి యిప్పటికిని గలదు. దానికి తోడు మఱియొకటి. రెండును నల్లనివి. వానికి రంగు వేయలేదు. దక్కనీ గొఱ్ఱె మేనిరంగే యది. కురుమలు ఏటికి రెండుమాఱులు గొఱ్ఱెల యున్ని కత్తిరింతురు. స్త్రీలు ఆ యున్నిని దూది యేకినట్లు విప్పి నూలు వడకుదురు. పడుగునకు చింతగింజల గంజి పెట్టి, కుంచెతో దువ్వి, పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. క్రొత్త గొంగడి బిరుసుగ నుండును, మేనికి గ్రుచ్చుకొనును. ఏండ్లు గడచినకొలది మెత్తబడును. చలికి కప్పు, నేలకు పఱపు, వానకు కొప్పెర యదియే. తడిసినను ఉన్ని వెచ్చదనమును వెంటనే విడువదు గనుకనే గొఱ్ఱెలకాపరి దానిని తలపై వేసికొని జడివానలో మందవెంట నిలువగలుగుచున్నాడు.

మేము చదువునకై హైదరాబాదు పోయినప్పుడు మా నాయనమ్మ ఈ గొంగడులలో నొకదానిని చుట్టగట్టి యిచ్చినది. వసతిగృహమున తోడివారు నవ్వుదురన్న భయముతో దానిని మంచము క్రింద దాచి, మిల్లుదుప్పటిలో వణకుచు రాత్రులు గడపితిమి. సెలవులకు వచ్చినప్పుడు "వెచ్చగున్నదా, బిడ్డా?" యని యామె యడిగిన, ఉన్నదని యబద్ధమాడితిమి. ఇప్పుడు పట్టణములలో గొంగడి కొందఱికి ముచ్చటైన వస్తువైనది. నేయువారు మాత్రము తగ్గిరి. మాంసపు ధర పెరిగినకొలది కాపరులు ఉన్నిలేని నెల్లూరు జాతి పొట్టేళ్లను మందలలో కలిపిరి, ఉన్ని తగ్గెను, పాలిస్టరు రగ్గులు చౌకగా దిగెను. కాపరిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. అతని పొయ్యి మండవలయును గదా! ఉన్నికి ధర యీయని వారము మనము. గొంగడిని మంచము క్రింద దాచినవారము మనము.

ఇక పుస్తకములు. మా యెన్నిక యేటేట నొక్కటియే: సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వెలువడిన యీ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. తెలుగున నా బహుమానము పొందిన మొదటి గ్రంథ మిదియే. గ్రంథకర్త 1953లోనే గతించిరి. వారు మా పాలమూరు సీమవారే. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున తెలుగు కవులే లేరన్న మాటకు బదులుగా 354 కవుల రచనలు గూర్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించిరి. అంచులు చిరిగి, కుట్లు వదలిన యా సంచికయు మా సందూకులో గలదు. ఇక సాంఘిక చరిత్ర మాటకు వచ్చిన, రాజుల పట్టాభిషేకములను యుద్ధములను ప్రక్కకు నెట్టి, మనవారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, దేనిని నమ్మిరి అను ప్రశ్నలడిగి, కావ్యములను శాసనములను సాక్షులుగా బిలిచిన గ్రంథ మది. ఏ పుట విప్పినను చదువదగినది. చలికాలపు దీర్ఘరాత్రికి ఇంతకంటె తగిన తోడు మాకు దొరకలేదు.

మా మిత్రుడైన యొక యుపాధ్యాయుడు చేతియల్లిక స్వెట్టరును, వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి' నవలను తెచ్చును. నల్లగొండ సీమలో బుట్టి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని తిరిగి అమ్మినవారు ఆళ్వారుస్వామిగారు. "పుస్తకము బరువు భుజమునకు దెలిసినవాడు వ్రాసిన పుస్తకము" అని మా మిత్రుడు ప్రతియేటను జెప్పును. ప్రతియేటను మేము క్రొత్తగా విన్నట్లు తలయూపుదుము. మా పెదనాయనగారు బ్రతికియున్నంతకాలము పాత శాలువ యొకటియు, అలంపురము గడియారము రామకృష్ణశర్మగారి స్వీయచరిత్ర 'శతపత్రము'ను పట్టుకొని కూర్చుండెడివారు. 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము బడసిన గ్రంథ మది. 1953 జనవరిలో శర్మగారి కృషిచే అలంపురమున జరిగిన ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలకు తాము పిల్లవాడుగా నా శాలువలోనే చుట్టబడి పోయితిమని వారు చెప్పెడివారు. ఉపన్యాసములలో నొక్క ముక్కయు జ్ఞాపకము లేదట. తుంగభద్ర గాలి మాత్రము జ్ఞాపకమట. ఇక మా మేనకోడలు ఊదారంగు చలికోటు తొడిగికొని వచ్చి, అరచేతిలోని ఫోను జూపి, "నా సందూకు ఇదే, వేయి పుస్తకాలున్నయి, చిమటలు పట్టవు" అనును. చదువకుండ నుంచిన పుస్తకమునకు ఏ పెట్టెయైనను నొక్కటియే యని మేము బదులు చెప్పుదుము. ఆ మాట మాకే తగులునని యప్పుడు తోచలేదు.

ఇట్టి ముచ్చట మనకు మాత్రమే సొంతము గాదు. ఉత్తరధ్రువమునకు చేరువనున్న ఐస్లాండు దేశమున క్రిస్మసు ముందటి రాత్రి ఒకరికొకరు పుస్తకములు కానుకగా నిచ్చుకొందురు. రెండవ ప్రపంచయుద్ధకాలమున దిగుమతి సరకులు కఱవై, కాగితము మాత్రము దొరకుటచేత నీ యాచారము బలపడినది. ఆ దేశపు జనసంఖ్య నాలుగు లక్షలకు లోపు. తమ గొఱ్ఱెల యున్నితో నల్లిన చొక్కాయే వారికి గౌరవ వస్త్రము. తమ భాషలోని క్రొత్త పుస్తకమే వారికి పండుగ కానుక. మనకును గొఱ్ఱెలు గలవు, భాషయు గలదు. ఈ పోలికను మేము మా సభలో నెన్నిమాఱులో గర్వముగా జెప్పితిమి.

ఇంతవఱకు గొప్ప. ఇక తప్పు.

ఆఱేండ్ల క్రిందటి సందూకు పండుగనాడు ఒక మిత్రుని భార్య మా యింటికి మొదటిసారి వచ్చెను. అందఱును తమ బట్టలు పుస్తకములు చెప్పుట ముగిసిన పిదప నామె వంటింటి గడపవైపు చూచి, "అక్కా, మీరేం తీసుకుంటరు?" అని యడిగెను. అచ్చట మా వదినెగారు పల్లీల చేట పట్టుకొని నిలిచియుండిరి. ఆమె యా యింటికి వచ్చి యప్పటికి ఇరువదియేడేండ్లు. సందూకు తెఱచునది యామె. వేపాకు కోసి, యెండించి, పొరపొరకు పఱచునది యామె. ఒక్కొక్క పుస్తకమును దులిపి పుటలకు గాలి తగులనిచ్చునది యామె. అయినను, ఆ ముచ్చట మొదలైన నాటినుండి యా ప్రశ్నను మాలో నొక్కరమును అడిగియుండలేదు.

వదినెగారు నవ్వుచునే, "ఇవన్నీ నేను ఎండబెట్టినవే, చెల్లె. చదివినవి కావు. ఎండబెట్టేటప్పుడు అట్టమీది పేరు చదువుత. లోపలికి పోదామనుకునేసరికి పొయ్యిమీద పాలు పొంగుతయి" అనిరి. మఱి బట్ట యేదన, "పొయ్యికాడ ఉండేదానికి చలెక్కడిది?" అనిరి. అందఱును నవ్విరి, మేమును నవ్వితిమి. ఆ నవ్వు మాకా రాత్రి నిద్ర పట్టనీయలేదు. ఆమె చదువు రానివారు గారు. పదవ తరగతి మంచి మార్కులతో ముగించి, పెండ్లియై వచ్చినవారు. ఆ సంగతి మాకు తెలియును, తెలిసి మఱచితిమి.

పొయ్యి వెచ్చననుట నిజమే. కాని పొయ్యికి ముందు వాకిలి గలదు. పొయ్యికి తరువాత అంట్లు గలవు. ధనుర్మాసమున దినమంతటిలో మిక్కిలి చల్లని వేళ యేది? తెల్లవారుటకు ముందటి వేళ. ఆ వేళ చన్నీటిలో మోచేతులవఱకు ముంచి, కలాపి చల్లి, వంగి ముగ్గు పెట్టునదెవరు? నారాయణపేట నూలుచీర కొంగు భుజములచుట్టు బిగించుకొని మా వదినెగారు. ఆమెకు పట్టంచు గద్వాల చీరయు నొకటి కలదు. అది సంక్రాంతినాడు కట్టుటకే గాని చలి నాపుటకు గాదు. సరిగా నదే వేళకు మేము గొంగడిలో ముడుచుకొని, దీపము వెలిగించుకొని యేమి చేయుచుంటిమి? సాంఘిక చరిత్ర చదువుచుంటిమి! వెనుకటి సామాన్యులు ఏమి కట్టిరో, ఎట్లు బ్రతికిరో పుటలలో వెదకుచు, కిటికీ యవతల చీపురు చప్పుడు వినకపోతిమి. గ్రంథకర్త నేర్పదలచిన పాఠమును, ఆ గ్రంథమును ఏటేట మోసికొని తిరిగిన మేమే నేర్వలేదు.

మాటలకంటె ఏర్పాటు మేలని మఱునాడు మా యన్నగారితో ముచ్చటించితిమి. ఆయన మొదట తలగోకికొనిరి, పిదప ఒప్పుకొనిరి. ధనుర్మాసపు వాకిలి పని దినము విడిచి దినము మా యిద్దఱిది. మొదటినాటి మా ముగ్గులో చుక్కలకును గీతలకును సంబంధమే లేదు, ఎదురింటి ముసలమ్మ నిలిచి చూచి, "ఇది ముగ్గా, మ్యాపా?" అనెను. రాత్రి భోజనమైన తరువాత నొక గంట వదినెగారిది. ఆ గంటలో నామె నెవ్వరును పిలువరాదు. మందు కావలసినను, తాళపుచెవి కనబడకున్నను, ఎవరి వెదకులాట వారిదే.

ఫలము వెంటనే కానరాలేదు. మొదటి వారమంతయు ఆమె పుస్తకము విప్పి రెండవ పుటకు బోకముందే నిద్రించిరి. "చదువుట కిష్టము లేదేమో" అని మా యన్నగారు గొణిగిరి. ఇరువదియేడేండ్ల యలసట యేడు రాత్రులలో దీఱునా యని మేమంటిమి. రెండవ వారమున నాలుగు పుటలు సాగెను. గొంగడి యిచ్చితిమి గాని, గ్రుచ్చుకొనుచున్నదని యామె తిరిగి యిచ్చివేసిరి. మూడునాళ్లకు తామే దానిని తీసికొని, నలిగి మెత్తబడిన పాత నారాయణపేట చీరను లోపలివైపు అస్తరుగా గుట్టిరి. ఇన్నేండ్లుగా గొంగడి గుణములను వర్ణించిన మాలో నొక్కరికిని ఆ యుపాయము తట్టలేదు.

మాఘమాసము వచ్చుసరికి ఆమె సాంఘిక చరిత్రలో సగము దాటిరి. ఒకనాటి రాత్రి పుస్తకమునుండి తలయెత్తి మమ్ము జూచి, "ఏ రాజు కాలంల ఎవరేం కట్టిన్రో ఇంత వెదికి రాసిన్రు గదా ఈయన. మరి మనింట్ల ఎవరేం కప్పుకున్నరో ఎవరు రాస్తరు?" అని యడిగిరి. మేము సమాధానము వెదకుచుండగనే, ఆమె పిల్లల పాతనోటుబుక్కు నొకటి దీసి, మిగిలిన తెల్లకాగితములపై సందూకులోని వస్తువుల పట్టీ వ్రాయసాగిరి. షేర్వాణీ: ఎడమ మోచేయి మాసిక, అత్తమ్మ కుట్టినది. శాలువ: అలంపురము పోయివచ్చినది. అడుగున నొక బొంత గలదు. దానిని మా సభలో నెవ్వరును ఏనాడును చేతికి దీసికొనలేదు. ఆమె వ్రాత ప్రకారము దానికి అయిదు పొరలు. మొదటిది మా నాయనమ్మ నీలిచీర, రెండవది మా తల్లిగారి బాలింతనాటి చీర, మూడవది మా మేనత్త బడికి పోవునాటి పరికిణీ. ఆమెను అయిదవ తరగతిలో బడి మాన్పించిరి గనుక పరికిణీ చిరుగకుండ మిగిలినదని ప్రక్కన వ్రాసియున్నది. ఈ సంగతి మేమెఱుగము. అడిగినవారికి గదా చెప్పుదురు! నాయనమ్మ వదినెగారికి వంటింటిలో చెప్పినదట.

చదువరులకు మా మనవి యొక్కటియే. మీ యింటిలోను చలికాలమునకు మంచి దుప్పటియు, మంచి పుస్తకమును గలవనుట నిస్సందేహము. అవి యెవరి చేతులలో నున్నవో యొకమాఱు లేచి చూడుడు. స్త్రీవిద్యనుగూర్చి ఉపన్యాసము వినుట సులభము, వ్యాసము వ్రాయుట యింకను సులభము. చదువు వచ్చిన స్త్రీకి చదువుకొను గంట యొకటి యింటిలో కేటాయించుటకు మాత్రము, మనము ముందుగా వాకిటికి బోవలసి వచ్చును. నీళ్లు చల్లగా నుండును.

వదినెగారి నోటుబుక్కు ఇప్పటికి మూడైనవి. నిరుటి పండుగనాడు ఆమె అస్తరు వేసిన గొంగడిని భుజమున వేసికొని, ఆ పుస్తకములనే చేతబట్టి కూర్చుండిరి. చదువుమని కోరితిమి. "ఇంకా కాలేదు" అనిరి, మేము బలవంతపెట్టలేదు. ఫాల్గుణమున సందూకు మూయునప్పుడు మాత్రము ఒక వింత జరిగినది. షేర్వాణీ పెట్టితిమి, శాలువ పెట్టితిమి, గోలకొండ సంచిక పెట్టితిమి, సందూకు నిండలేదు. తక్కిన పుస్తకములు మేనకోడలి గదిలో గొన్ని, ఎదురింటిలో గొన్ని, వంటింటి గూటిలో గొన్ని యున్నవి. కోసి యెండబెట్టిన వేపాకు సగము మిగిలిపోయినది.